తొమ్మిది రోజుల వాయిదా

ఆ మంగళవారం ఉదయం పదకొండూ పదికి క్రేన్‌కి ఒక చెంపదెబ్బ రావాల్సి ఉంది. అందుకని పదకొండు దాటగానే ఆమె భుజం మీదున్న మాంసపు సగాన్ని కొక్కేనికి తగిలించి, చల్లగది తలుపు మూసి, బయట వరండాలో బోర్లించిన ప్లాస్టిక్ టబ్బు మీద కూర్చుంది. చేతి తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుంది. కళ్లజోడు తీసి జేబులో వేసుకుంది. సూపర్‌వైజర్ అటుగా వెళ్తూ గడియారం చూసుకుని, ఇవాళ ఎడమా కుడా అని అడిగాడు. ఎడమ అంది. ఆయన తలూపి, అయ్యాక వచ్చి నాలుగో నంబర్ గదిలో కొక్కేలు ఖాళీ చెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు.

సరిగ్గా పదకొండూ పదికి ఆమె తల విసురుగా కుడివైపు తిరిగింది. చెంప మీద నాలుగు వేళ్లూ తేలాయి. నోట్లో ఊరిన రక్తం కాలవలో ఉమ్మేసి, కళ్లజోడు పెట్టుకుని, నాలుగో నంబర్ గదికి నడిచింది.

ఊరి చివర కబేళాలో ఆమెది మోత పని. కోత గదిలో నిలువునా చీల్చిన పశువుల సగాల్ని ఎత్తుకెళ్లి చల్లగదిలో వరసగా వేలాడదియ్యాలి. ఒక్కో సగం నలభై కిలోలకి తక్కువుండదు. రోజుకి నూటయాభై ఎత్తేది. అందుకే అక్కడ అందరూ ఆమెని క్రేన్ అనేవాళ్లు. ఆ పేరు ఇంటిదాకా వచ్చి, చివరికి అత్త కూడా పక్కింటివాళ్లతో మాట్లాడేటప్పుడు మా క్రేన్ అనడం మొదలుపెట్టింది.

చెంపదెబ్బ అంతకు ముందు వారం ఆదివారం నాటిది. చొక్కాకి గుండీ ఊడి ఉందని మొగుడు కొట్టింది. ఆ ఇంటి మగవాళ్ల చేతులు అంతే. తాతదీ అంతే, తండ్రిదీ అంతే. చెయ్యి విసిరితే అది ఎదుటి మనిషిలోంచి ఖాళీ గాల్లోంచి పోయినట్టు పోయేది. వెంట్రుకలు మాత్రం కదిలేవి. తొమ్మిది రోజులు గడిచాక, అదే గంటకి, అదే నిమిషానికి, ఆ మనిషి ఎక్కడుంటే అక్కడికొచ్చి తగిలేది. దిండు అడ్డం పెట్టుకుంటే దిండు కింద తగిలేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి క్రేన్ తప్పించుకుందామని రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న అక్కగారింటికి బస్సెక్కింది. దెబ్బ బస్సులోనే వచ్చింది. పక్కసీటావిడ నీళ్లసీసా అందించింది.

ఆమె మొగుడు, మెకానిక్, మాత్రం తన దెబ్బ ఎవరికైనా తగలడం ఎప్పుడూ చూడలేదు. అతను బస్సు డిపోలో పని చేసేవాడు. తొమ్మిది రోజులకి కోపం ఎక్కడుంటుంది, దేనికి కొట్టాడో కూడా గుర్తుండేది కాదు. ఆ మంగళవారం సాయంత్రం పెళ్లాం చెంప చూసి నిజంగానే కంగారుపడి, ఏమైందే, కొక్కెం తగిలిందా అని అడిగాడు. చెంపకి పెట్టుకోమని ఐసు ముక్కలు తనే గుడ్డలో కట్టి తెచ్చాడు.

ఆ ఇంట్లో క్రేన్‌కి ఒకే ఒక్క తోడు ఆడపడుచు. చిట్టి అంటారు. ఇరవయ్యారేళ్లు, కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని. క్రేన్ పెళ్లయి వచ్చిన మొదటి వారంలోనే వదినా మరదళ్లు ఇద్దరూ టీవీ ముందు చాప వేసుకుని కూర్చున్నారు, ఇంతవరకూ లేవలేదు అని అత్త అనేది. వాళ్లకి లోకంలో ఒకే కంపెనీ వీడియో ఆటలు కావాలి. పద్నాలుగు మంది మాత్రమే పని చేసే చిన్న కంపెనీ అది. ఇప్పటికి చేసినవి రెండే ఆటలు, ఏడో రేవు, దాని రెండో భాగం. యుద్ధం జరుగుతున్న దేశంలో ఏటి మీద పడవ నడిపే ఒంటికన్ను ఆవిడ కథ. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి ఎవరిని దాటించాలి, ఎవరిని ఏట్లో దింపెయ్యాలి అన్నది ఆడేవాళ్లే తేల్చుకోవాలి. తుపాకులు తక్కువ. తెడ్డుతో కొట్టడమే ఎక్కువ. కంట్రోలర్ క్రేన్ చేతిలో ఉండేది. ఎటు వెళ్లాలో, ఎవరిని నమ్మకూడదో చిట్టి చెప్పేది.

రెండో భాగం చివర పడవావిడ నడి ఏట్లో ఉండగా ఒడ్డునుంచి ఎవరో గురిపెట్టారు. పేలిన చప్పుడు వినిపించింది. తెర నల్లబడింది. అది జరిగి ఆరేళ్లయింది. ఆవిడ బతికిందా చచ్చిందా అని వదినా మరదళ్లు ఆరేళ్లుగా కొట్టుకుంటున్నారు. తెడ్డు అడ్డం వచ్చిందని చిట్టి వాదన. నీళ్లలో దూకిందని క్రేన్ వాదన. చచ్చిపోయుంటుందిలే, మీరిద్దరూ లేచి పనులు చూసుకోండి అని అత్త వాదన.

ఐదో తారీకు శనివారం పొద్దున పదింటికి మూడో భాగం ట్రైలర్ వచ్చింది. మెకానిక్‌ది మధ్యాహ్నం షిఫ్టు. ఇంటి ముందు బండి చక్రం విప్పుకుంటూ కూర్చున్నాడు. లోపల ఇద్దరూ ట్రైలర్‌ని వరసగా నాలుగోసారి చూస్తున్నారు. రెండు నిమిషాలు కూడా లేదు. వాన, బురద, విరిగిన పడవ, బురదలోంచి లేచిన ఒక చెయ్యి. చివర తేదీ. ఈ నెల పద్నాలుగు, ఉదయం పది గంటలు. చిట్టి గోడ దగ్గరికి పరిగెత్తి క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్రపెన్నుతో గుండ్రంగా చుట్టేసింది.

బయటినుంచి అతను గుడ్డ తెమ్మని పిలిచాడట. మళ్లీ పిలిచాడట. టీవీ చప్పుడులో వీళ్లకి వినపడలేదు. మూడోసారి పిలవలేదు. లోపలికి వచ్చాడు. చేతిలో జాకీ రాడ్డు ఉంది. వెనకనుంచి వచ్చి, రెండు చేతులా ఎత్తి, క్రేన్ తల వెనక ఎడమవైపుగా కొట్టాడు.

రాడ్డు ఆమె తలలోంచి, మెడలోంచి, భుజంలోంచి దిగి చాపని తాకింది. క్రేన్‌కి చల్లగాలి వీచినట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూసింది. చిట్టి పెన్ను పట్టుకుని క్యాలెండర్ దగ్గరే నిలబడిపోయింది. అంతవరకూ ఆ ఇంట్లో చేతులే తప్ప, ఒకసారి బెల్టు తప్ప, ఇనుము ఎవరూ ఎత్తలేదు. మెకానిక్ రాడ్డు వంక చూశాడు, గడియారం వంక చూశాడు. పదీ ఇరవై. బయటికి వెళ్లి మిగతా నట్లు బిగించుకున్నాడు.

వేళ్లు మడిచి లెక్కపెట్టాల్సిన పని లేదు. పెన్ను చుట్టిన తేదీయే అది. ఆట పదింటికి వస్తుంది. దెబ్బ పదీ ఇరవైకి వస్తుంది.

సోమవారం క్రేన్, చిట్టి కలిసి ఆసుపత్రికి వెళ్లారు. డాక్టర్ మంచివాడు. రాడ్డు పొడవెంత, బరువెంత, ఒంటిచేత్తో కొట్టాడా రెండు చేతులతోనా అని ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. ఎక్స్‌రే తీయించాడు. ఎముక పాలమీగడలా తెల్లగా, ఎక్కడా గీత కూడా లేకుండా ఉంది. పద్నాలుగున ఒక మంచం ఖాళీగా ఉంచుతానన్నాడు. అయితే ఆ చోట ఆ రాడ్డుతో తగిలితే మంచం మీద ఉన్నా చెయ్యగలిగింది ఉండకపోవచ్చని, ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. పోలీస్‌స్టేషన్‌లో రైటర్, గాయం లేకుండా కేసు ఏమని రాయమంటావమ్మా, తగిలాక రా, నువ్వు రాలేకపోతే ఎవరినైనా పంపు అన్నాడు. అయినా పాపమనిపించి రిజిస్టర్‌లో తేదీ, టైమూ, రాడ్డూ అని ఒక వాక్యం రాసిపెట్టాడు. కబేళాలో సూపర్‌వైజర్ పదిహేనో తారీకునుంచి కొత్తామెని పెట్టుకోవాలని, ఈలోపు పని నేర్పమని అడిగాడు. క్రేన్ నేర్పింది. మోకాళ్లు వంచి ఎత్తాలి, నడుముతో కాదు. భుజం మీద కూర్చునేదాకా ఊపిరి బిగబట్టాలి.

ఆ వారమంతా మెకానిక్ చాలా మెత్తగా ఉన్నాడు. ఎనిమిదో తారీకున తోటిపనివాడి దగ్గర అడిగి ఒక పెద్ద టీవీ మోసుకొచ్చాడు. ఆట పెద్ద తెర మీద బాగుంటుందే, చూడు అన్నాడు. గోడకి తనే మేకులు కొట్టి బిగించాడు. అసలు ఆ ఇంట్లోకి మొట్టమొదటి వీడియో గేమ్ తెచ్చింది కూడా అతనే. చిట్టికి పన్నెండేళ్లప్పుడు కాలు విరిగి మంచాన పడితే, అప్రెంటిస్‌గా ఉన్న అన్న ఎక్కడినుంచో పాత పెట్టె ఒకటి పట్టుకొచ్చి, నెలరోజులపాటు పని నుంచి రాగానే చెల్లెలి మంచం మీద కూర్చుని ఆడించాడు. చిట్టి ఆ వారం అన్నతో మాట్లాడలేదు. అలాగని ద్వేషించడమూ చేతకాలేదు. స్నానాలగదిలోకి వెళ్లి నీళ్లు వదిలి ఏడ్చేది.

పదో తారీకు మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్త నోరు విప్పింది. చిట్టి కడుపులో ఉన్నప్పుడు మొగుడు, అంటే క్రేన్ మావగారు, తనని పొట్టలో తన్నాడట. తొమ్మిదోరోజు వచ్చేసరికి మనిషి బెంబేలెత్తిపోయాడట. ఆ నిమిషానికి ఏం చెయ్యాలో తెలియక అత్తని గట్టిగా కావలించుకుని నిలబడ్డాడట. తన్ను అత్తకి రాలేదు. ఆయన కడుపు పట్టుకుని కింద పడ్డాడు. రొమ్ముకి రొమ్ము ఆనించి పట్టుకుంటే దెబ్బ దాని సొంతదారు దగ్గరికే పోతుంది, నేను కళ్లారా చూసిన సంగతి అంది అత్త. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని చిట్టి అడిగితే, చెంపదెబ్బలకి ఇంత రాద్ధాంతం ఎందుకులే అనుకున్నానంది.

"నువ్వు పట్టుకోరా," అంది కొడుకుతో. "నీ మెడ గట్టిది. నువ్వు తట్టుకుంటావు."

మెకానిక్ కంచంలోకి చూస్తూ సరే అన్నాడు. తల్లి మీద ఒట్టేసి పట్టుకుంటానన్నాడు.

క్రేన్ నమ్మిందీ లేదు, నమ్మకపోయిందీ లేదు. ఆమె లెక్క వేరే. పదినుంచి పదీ ఇరవైదాకా ఇరవై నిమిషాలు. మొదలుపెట్టేటప్పుడు వచ్చే పేర్లూ అవీ నొక్కి దాటేస్తే పడవావిడ బతికిందో లేదో తెలిసిపోతుంది. అది తెలిస్తే చాలనుకుంది. చెయ్యి తిరగాలని రెండో భాగం మొత్తం మళ్లీ ఆడింది. బట్టలు మడతపెట్టి, అక్కకి ఉత్తరం రాసి, చిట్టికి తన చేతి తొడుగులు ఇచ్చేసింది. అంత ప్రశాంతంగా ఉన్న మనిషిని చూడటం చిట్టికి రాడ్డుని చూడటం కంటే కష్టంగా ఉండేది.

పదకొండో తారీకు శుక్రవారం మధ్యాహ్నం చిట్టి కళ్లజోళ్ల షాపునుంచి స్కూటర్ మీద నేరుగా కబేళాకి వచ్చింది. అద్దాల పొడి తెల్లగా చేతులకి అలాగే ఉంది. క్రేన్ భుజం మీద సగం పెట్టుకుని చల్లగదిలోకి వెళ్తోంది. చిట్టి వెనకే వెళ్లి, చలికి నోట్లోంచి పొగలు కక్కుతూ, ఫోన్ చూసి చదివింది. కంపెనీలో కథ రాసే ఆవిడ సంతకంతో ఒక ఉత్తరం. ఆరేళ్లు ఎదురుచూసిన మీకు తొందరపడి చేసినది ఇవ్వలేమని, చివరి అధ్యాయం ఇంకా కుదరలేదని, అందుకు క్షమించమని, ఏడో రేవు మూడో భాగాన్ని మూడు నెలలు వాయిదా వేస్తున్నామని.

క్రేన్ సగాన్ని కొక్కేనికి తగిలించింది. అది ఊగడం ఆగేదాకా చేత్తో పట్టుకుంది. తర్వాత పక్కనున్న ఖాళీ టబ్బుని కాలితో ఒక్క తన్ను తన్నింది. అది గదికి ఆ చివర గోడకి తగిలి రెండు చెక్కలైంది.

"మూడు నెలలా," అంది.

"మూడు నెలలు, వదినా."

"ఇరవై నిమిషాలు అడిగాను. అంతే కదా నేనడిగింది. అది కూడా లేదా నాకు?"

రాడ్డు దిగినప్పుడు ఏడవని మనిషి, డాక్టర్ దగ్గర ఏడవని మనిషి, ఆ చలిలో నిలబడి భోరున ఏడ్చింది. ముక్కు తుడుచుకుంది. కొత్తామె తలుపు దగ్గరే ఆగిపోయి, లోపలికి రావాలో వద్దో తెలియక చూస్తోంది. క్రేన్ ఆమెనే చూస్తూ, చిట్టితో మామూలు గొంతుతో అంది.

"పద్నాలుగున నాకు కుదరదే. నేను చావను."

ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, కొత్తామెని కోత గదికి పంపుకోమని, పదిహేనున తనే వస్తానని చెప్పింది.

పదమూడు ఆదివారం. మధ్యాహ్నం అత్త కొడుకుతో, రేపు పదింటికల్లా ఇంట్లో ఉండు, మర్చిపోకు అంది. ఆ వారమంతా అణిగిమణిగి ఉన్న మనిషి ఒక్కసారిగా లేచాడు. మీ అందరికీ నా తల పగలాలి, అంతేగా అన్నాడు. తల్లి ఏదో అనబోయింది. చెయ్యి విసిరాడు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఆమె మీద చెయ్యెత్తలేదు. ఎడమచెయ్యి తల్లి ముఖంలోంచి ఇటునుంచి అటు పోయింది. నెరిసిన వెంట్రుకలు రెండు లేచి పడ్డాయి. అత్త చాలాసేపు అతన్నే చూసి, తర్వాత గడియారం చూసింది. పన్నెండూ నలభై. కంచాలు తీసింది.

పద్నాలుగున తెల్లారి లేచేసరికి అతను లేడు. బండి చప్పుడు వినబడకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్లినట్టున్నాడు. చిట్టి డిపోకి ఫోన్ చేసింది. ఇవాళ అతనికి డ్యూటీ లేదన్నారు. ఎనిమిదైంది. తొమ్మిదైంది. క్రేన్ జుట్టు బిగించి ముడేసుకుని, పని బూట్లు తొడుక్కుని, గుమ్మంలో కూర్చుంది. చిట్టి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తూ వీధిలో అటూ ఇటూ తిరుగుతోంది.

అత్త వంటగదిలో గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది. తొమ్మిదిన్నరకి కుళాయి కట్టేసింది.

"రైలుపట్టాల అవతల పాత షెడ్డుంది," అంది, వెనక్కి తిరగకుండానే. "తుక్కు బస్సులు పెడతారు. చిన్నప్పట్నుంచీ ఎవరైనా కొడతారని భయమేస్తే వాడు అక్కడే దాక్కుంటాడు."

క్రేన్ లేచింది. చిట్టి అప్పటికే స్కూటర్ స్టార్ట్ చేసింది.

షెడ్డుకి చేరేసరికి పదీ ఎనిమిది. సీట్లు పీకేసిన బస్సులు, చక్రాల్లేని బస్సులు, ముప్పై దాకా ఉన్నాయి. ఇద్దరూ చెరోవైపునుంచి వెతికారు. పదీ పన్నెండుకి చిట్టి ఒక బస్సు చాటున అన్న బండిని చూసింది. అతను లోపల వెనకవైపు మూల, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. క్రేన్ ముందు తలుపులోంచి ఎక్కింది. వెనక తలుపు తుప్పు పట్టి తెరుచుకోలేదు. అతను లేచి కిటికీలోంచి దూకబోయాడు. ఆమె అతని నడుం పట్టుకుని కిందికి లాగి, తనవైపు తిప్పుకుని, రెండు చేతులూ అతని వీపు వెనక కలిపి బిగించేసింది. రోజుకి నూటయాభై సార్లు చేసే పనే. మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి.

అతను కొట్టాడు. పిడికిళ్లతో ముఖం మీద, మెడ మీద, డొక్కల్లో కొట్టాడు. కాళ్లతో తన్నాడు. తలతో పొడిచాడు. ఏ ఒక్కటీ తగల్లేదు. చేతులు ఆమెలోంచి ఇటునుంచి అటు పోతున్నాయి. అవన్నీ ఇరవైమూడో తారీకు దెబ్బలు. ఇవాళ ఆమెని కదిలించడానికి అతని దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి అర్థమై, ముంజేతి మీద కొరికాడు. అది మాత్రం అప్పుడే తగిలింది. కొరకడం ఆ వంశంలో ఎవరూ చెయ్యలేదు, దాని పద్ధతి ఎవరికీ తెలియదు. రక్తం మోచేతిదాకా కారింది. క్రేన్ వేళ్లు సడలించలేదు.

"పదీ పదహారు," అంది చిట్టి మెట్ల దగ్గరనుంచి. ఫోన్‌లో టైము చూస్తోంది.

అతను కొట్టడం ఆపేశాడు. ఆయాసపడుతూ పెళ్లాం భుజం మీద గడ్డం ఆనించాడు. దూరంనుంచి చూసేవాళ్లకి ఎన్నాళ్లకో కలుసుకున్న మొగుడూ పెళ్లాల్లా ఉన్నారు.

"నేనంత గట్టిగా కొట్టలేదే," అన్నాడు. "నువ్వు ఊరికే భయపడుతున్నావు."

"అయితే నీకూ ఏం కాదు," అంది క్రేన్. "ఉండు."

అతను చెల్లెల్ని పిలిచాడు. చిన్నప్పుడు పిలిచే పేరుతో పిలిచాడు, కాలు విరిగినప్పటి సంగతి గుర్తు చేశాడు, వదలమని చెప్పవే అని బతిమాలాడు. చిట్టి బస్సు మెట్టు మీద కూర్చుని, కడ్డీకి తల ఆనించుకుని, పదీ పద్దెనిమిది అంది. పదీ పంతొమ్మిది అంది. ఇరవై అన్న మాట ఆమె నోట రాలేదు.

మావగారు ఇష్టపడి పట్టుకున్నాడు. ఇష్టం లేకుండా పట్టుకుంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. క్రేన్ కళ్లు మూసుకుని, తల వెనక ఎడమవైపు, ఆనాడు చల్లగాలి వీచిన చోట, దెబ్బ కోసం చూసింది.

చప్పుడు వచ్చింది. తన తలలో కాదు. అతని మెడ ఒక్కసారి ముందుకి వాలి, నుదురు ఆమె చెవికి కొట్టుకుంది. తర్వాత అతను బరువెక్కాడు. మనిషి ఏ క్షణంలో బరువవుతాడో ఆమె చేతులకి తెలుసు. వదిలెయ్యలేదు. మోకాళ్లు వంచి, ఒక సగాన్ని దింపినంత జాగ్రత్తగా బస్సు నేల మీద పడుకోబెట్టింది. తల కింద తన చెయ్యి ఉంచి, అంబులెన్స్ వచ్చేదాకా అలాగే కూర్చుంది. వాళ్లు వచ్చి చూసి, తొందరేం లేదన్నారు.

స్టేషన్‌లో రైటర్ పాత పేజీ తిప్పి, తను రాసుకున్న వాక్యం చదువుకున్నాడు. తేదీ సరిపోయింది. టైము సరిపోయింది. రాడ్డు సరిపోయింది. కొట్టినవాడి పేరూ, పోయినవాడి పేరూ ఒకటే రాసి, కింద గీత గీసి, రిజిస్టర్ మూసేశాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది. తట్టుకున్నాడా అని అడిగింది. లేదత్తయ్యా అంది క్రేన్. అత్త లోపలికి వెళ్లి కొడుకు చెప్పుల జత తీసి గోడ పక్కన సరిగ్గా పెట్టింది. అంత్యక్రియలు అయ్యాయి. ఆ తర్వాత వారం రోజులు ఆమె కోడలితో మాట్లాడలేదు. వండి పెట్టేది, పక్కకి తిరిగి తినేది. ఎవరు ఎవరికి చెప్పారో, ఎవరు ఎవరిని పట్టుకున్నారో ముగ్గురికీ తెలుసు. ఆ మాట ఎత్తితే ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ ఇంట్లో ఉండలేరని కూడా తెలుసు.

ఇరవైరెండున క్రేన్ సెలవు పెట్టి మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది. అత్త స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరైనా చూడటానికి వస్తున్నారేమో అన్నట్టు ఉంది. క్రేన్ పక్కన నిలబడింది.

"నువ్వు పక్కకి జరుగు," అంది అత్త. వారం తర్వాత మొదటి మాట. "ఇదొక్కటి నాది."

క్రేన్ రెండడుగులు వెనక్కి వేసింది. పన్నెండూ నలభైకి అత్త ముఖం పక్కకి కొట్టుకుంది. దువ్విన జుట్టు చెదిరింది. ఆమె చెంప మీద అరచెయ్యి వేసుకుని, వేళ్ల గుర్తుల మీద వేళ్లు సరిగ్గా పెట్టుకుని, ఎండ వరండా దాటి పోయేదాకా అలాగే కూర్చుంది. వాడి చెయ్యే అని ఒకసారి అంది. కొడుకు దగ్గర్నుంచి ఆమెకి ఇంక రావాల్సింది ఏదీ లేదు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టర్ పద్నాలుగున వాడని మంచాన్నే మళ్లీ ఖాళీగా ఉంచాడు. చిట్టితోపాటు అత్త కూడా వచ్చింది, రమ్మని ఎవరూ అడగలేదు. పదీ పదమూడుకి మొదలైంది. మొదటిదానికి పెదవి చిట్లింది. తర్వాత దవడ, మెడ, డొక్కలు, మళ్లీ డొక్కలు. మంచం మీద మనిషి ఎగిరెగిరి పడుతోంటే నర్సు కాళ్లు పట్టుకుంది. కొట్టేవాడు లేడు, దెబ్బలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అత్త మంచం పక్కనే నిలబడి ప్రతి ఒక్కటీ చూసింది. తలతో పొడిచింది వచ్చినప్పుడు క్రేన్ పన్ను ఒకటి ఊడి దుప్పటి మీద పడింది. పదీ పదహారుకి ఆగింది. పంతొమ్మిది దెబ్బలు, రెండు పక్కటెముకలు, ఒక పన్ను.

అత్త ఆ పన్ను తీసి చెంగుతో తుడిచింది.

"ఇన్ని కొట్టాడా," అంది. ఎవరినీ అడిగినట్టు లేదు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, కోడలి చెయ్యి తీసుకుని, కొరికిన చోట కట్టు వదులైతే మళ్లీ బిగించింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ ఏదీ రాలేదు. మొదట్లో కొన్నాళ్లు ముగ్గురూ గడియారం చూసి ఉలిక్కిపడేవాళ్లు. క్రేన్ నెలన్నర తర్వాత పనిలోకి వెళ్లింది. కంపెనీనుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి, చివరి అధ్యాయం కుదిరిందని ఒకటి, ఇంక వాయిదా ఉండదని ఒకటి. రెండోది చిట్టి చదువుతుంటే అత్త వంటగదిలోంచి, ఏ తారీకు అన్నారు అని అడిగింది. చెప్పారు. కాసేపటికి మళ్లీ వచ్చి, ఎన్నింటికి అని అడిగింది.

ఆ రోజు పదింటికి ముగ్గురూ పెద్ద టీవీ ముందు కూర్చున్నారు. అత్తకి చాప మీద మోకాళ్లు నొప్పి, అందుకని కుర్చీ వేశారు. పేర్లు ఒక్కటి కూడా దాటెయ్యకుండా అన్నీ చూశారు. తెర మీద వాన మొదలైంది. బురదలోంచి ఒక చెయ్యి లేచింది, తర్వాత తల, తర్వాత ఒంటికన్ను. పడవావిడ బతికే ఉంది. నీళ్లలో దూకింది, నే చెప్పలేదా అంది క్రేన్. తెడ్డుకి తూటా దెబ్బ ఉంది చూడు అంది చిట్టి. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊపుకున్నారు.

ఒడ్డున ఒక సిపాయి నిలబడి ఉన్నాడు. పడవావిడ పూర్తిగా లేవకముందే బూటుకాలితో ఆమె ముఖం మీద తన్నాడు. ఆమె వెల్లకిలా పడింది. నోట్లోంచి రక్తం నీళ్లలో కలిసింది.

కుర్చీలో అత్త గతుక్కుమంది. వెంటనే గోడమీది క్యాలెండర్ వైపు చూసింది.

"అది ఎప్పటిది?" అని అడిగింది.

"ఎప్పటిదీ కాదమ్మా," అంది చిట్టి. "ఇందులో కొట్టింది అప్పటికప్పుడే తగులుతుంది."

"అప్పటికప్పుడేనా?"

"అప్పటికప్పుడే."

అత్త కుర్చీ అంచుకి జరిగి, కళ్లు చిట్లించి తెరలోకి చూసింది. వానలో ఏమీ సరిగ్గా కనపడటం లేదు.

"అయితే వాడింకా అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు అత్తయ్యా," అంది క్రేన్.

"మరి చూస్తావేం?"

క్రేన్ తెడ్డు ఎత్తింది.